పిల్లి–ఫెలిస్ చుట్టాలేనా? జంతువుల పేర్ల పట్టికలో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి

మహేంద్రతనయ (పర్లాకిమిడి) అడిగినది

తెలుగు మీడియం ఎనిమిదో తరగతి గోడకి ఒక పట్టిక తయారవుతోంది. వరసకి ఒక జంతువు. గడులు అయిదు: తెలుగు, ఒడియా, సంస్కృతం, యూరప్ భాషలు, చివర్న ఆది ఇండో-యూరోపియన్ (సంస్కృతానికీ యూరప్ భాషలకీ ఉమ్మడి మూలభాష) మూలరూపం. పిల్లలకి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు ఎలాగూ ఉన్నాయి. మూడూ పక్కపక్కన పెడితే భాషల చుట్టరికం కళ్లకి కడుతుందని.

ఇరవై వరసలు రాశాం. గోవు–కౌ, మూషికం–మౌస్, హంస–గూస్‌లతో పేచీ లేదు. తేలనివి ఇవి:

అశ్వం, లాటిన్ ఎక్వుస్ కుదిరాయి. ఒడియాలో ఘొడా అంటారు కదా, దాన్నీ అదే వరసలో పెట్టొచ్చా?

పిల్లి, లాటిన్ ఫెలిస్. అచ్చు గుద్దినట్టున్నాయి.

ఆవు, సంస్కృతం అవి, లాటిన్ ఓవిస్. అవి అన్నా ఓవిస్ అన్నా గొర్రే, కాని అన్నీ మందలో తిరిగేవే కదా.

కాకి, ఒడియా కాఉ, ఇంగ్లీషు క్రో.

శృగాలం, ఇంగ్లీషు జాకాల్.

ఒడియా మాఛ (చేప), మాఛి (ఈగ). ఒకే మాటకి రెండు రూపాలా?

ఇంకొకటి. తెలుగు గడిలో కుక్క అని రాయాలా, శునకం అని రాయాలా? కుక్క అంటే వరస తెగిపోతోంది. శునకం అంటే ఇంట్లో ఎవరూ అనని మాట అయిపోతోంది.

నాగావళి (రాయగడ)

మాస్టారూ, మీరు చివర్న అడిగిందే అసలు ప్రశ్న. దాంతోనే మొదలెడదాం.

తెలుగు ద్రావిడ భాష. కుక్క, ఆవు, పాము, ఎలుక, పులి, పంది, గొర్రె లాంటి ఇంటి మాటలేవీ ఆ మూలభాష నుంచి దిగినవి కావు. శునకం, అశ్వం, మూషికం, సర్పం మనం సంస్కృతం దగ్గర ఎరువు తెచ్చుకున్నవి. ఎరువు సొమ్ము బరువు చేటన్నట్టు, వాటిని తెలుగు గడిలో మామూలుగా రాసేస్తే తెలుగు కూడా ఆ కుటుంబంలోదే అని పిల్లలు నేర్చేసుకుంటారు. అందుకని గడిని అడ్డంగా రెండు చేయండి. పైన ఇంటి మాట నల్ల సిరాతో, కింద ఎరువు మాట వేరే రంగుతో. కుక్క, దాని కింద శునకం. వరస తెగినట్టు కనిపించాలి కూడా, ఎందుకంటే నిజంగానే తెగింది.

పోలికని నమ్మొద్దు. చుట్టరికానికి రుజువు పోలిక కాదు, ధ్వనులు ఒకే పద్ధతిలో మారడం. ఒక భాషలో ఫలానా ధ్వని ఉన్నచోటల్లా రెండో భాషలో ఫలానా ధ్వని రావాలి, ఒక్క మాటలో కాదు, పది మాటల్లో. మీ జంతువుల వరకు ఈ కొద్ది సూత్రాలు చాలు:

సంస్కృతంలో శ ఉంటే లాటిన్‌లో క, ఇంగ్లీషులో హ. శతం, కెంటుమ్, హండ్రెడ్.
సంస్కృతంలో ప ఉంటే లాటిన్‌లో ప, ఇంగ్లీషులో ఫ. పశు, పెకు, ఫీ.
సంస్కృతంలో గ ఉంటే ఇంగ్లీషులో క. గౌః, కౌ.
సంస్కృతంలో ద ఉంటే ఇంగ్లీషులో ట. దశ, టెన్.
సంస్కృతంలో హ ఉంటే చాలాచోట్ల ఇంగ్లీషులో గ. హంస, గూస్.
మాట మొదట్లో అచ్చు ముందు స ఉంటే గ్రీకులో హ. సప్త, హెప్టా.

ఇక పిల్లి. లాటిన్‌లో మూలభాష ప మారదు, ప గానే ఉంటుంది. లాటిన్ మాట మొదట ఫ వచ్చిందంటే అది ఎక్కువగా పాత భ, ధల నుంచి వచ్చినది: భ్రాతా–ఫ్రాటెర్, ధూమ–ఫూముస్. అంటే తెలుగు ఆ కుటుంబంలోదే అనుకున్నా కూడా మన ప దగ్గర వాళ్ల ఫ కుదరదు. కొట్టేయండి. లేదా పట్టిక కింద ‘మోసపోకండి’ అని ఒక గడి కట్టి అందులో పెట్టండి. పిల్లలకి అసలు వరసల కన్నా అదే గుర్తుంటుంది.

ఆవు కూడా అంతే. తమిళంలో ఆ, కన్నడంలో ఆవు. ఇది మన ఇంటిదే. అవి మాత్రం దానికదే గట్టి వరస: లాటిన్ ఓవిస్, గ్రీకు ఓయిస్, లిథువేనియన్ అవిస్, ఇంగ్లీషులో ఆడగొర్రెని యూ అంటారు, అదీ ఇదే. అర్థం కూడా ఎక్కడా పక్కకి జరగలేదు. అన్ని శాఖల్లోనూ గొర్రే. ‘రెండూ మందలో తిరిగేవే’ అని ఆవుని ఇరికించారంటే రేపు ఎవరైనా కాపరిని కూడా ఇరికిస్తారు.

కాకి తన పేరు తనే చెప్పుకుంటుంది. కాక, కాఉ, క్రో ఎవరికి వారు విని పెట్టుకున్నవి. కూతని బట్టి పుట్టిన పేర్లకి ధ్వని సూత్రాలు పనిచేయవు. కోకిల, లాటిన్ కుకులుస్, గ్రీకు కొక్కూక్స్‌దీ ఇదే కథ. తీసేయండి.

ఘొడా వెనక ఉన్నది సంస్కృతం ఘోట, ఘోటక. వేదసంహితల్లో కనబడదు. యూరప్ శాఖల్లో దానికి తోబుట్టువులు లేరు. అశ్వం వరసలో ఒడియా గడి ఖాళీగా వదిలేయాలి. తమాషా ఏమిటంటే ఇంగ్లీషు గడి కూడా ఖాళీయే. పాత ఇంగ్లీషులో ఎఓహ్ అనే మాట ఉండేది, అది పోయి హార్స్ వచ్చి కూర్చుంది. అంటే ఈ చివర ఒడియా, ఆ చివర ఇంగ్లీషు, రెండూ తాతల నాటి గుర్రాన్ని వదిలేసుకున్నాయి. లిథువేనియన్‌లో ఆడగుర్రానికి అష్వా అనే పాత మాట ఉంది. దాన్ని అశ్వం పక్కన రాయండి, లాటిన్ కన్నా బాగా అతుకుతుంది. గ్రీకు హిప్పోస్ రాస్తే ‘ఎ రావలసిన చోట ఇ ఎందుకు, ముందు హ ఎందుకు’ అని ఎవరైనా అడగొచ్చు. దానికి తృప్తికరమైన జవాబు ఇంకా రాలేదు.

సిరొంచ గట్టు (గడ్చిరోలి జిల్లా)

ఒడియా ఒక్కటే కాకుండా మరాఠీ కూడా ఒక కంట చూడండి మాస్టారూ. పనికొచ్చేవి అక్కడ రెండు మూడు దాక్కుని ఉన్నాయి.

అస్వల్. వినగానే అశ్వం అనిపిస్తుంది, కాని అర్థం ఎలుగుబంటి. సంస్కృతం ఋక్ష ప్రాకృతంలో అచ్ఛ అయింది. దానికి ఎలుగుబంటిదే ఇంకో పేరు భల్ల తోడై అచ్ఛభల్ల అయింది, అదే అరిగి అస్వల్. అందులో మొదటి ముక్కకి తోబుట్టువులు గ్రీకు ఆర్క్టోస్, లాటిన్ ఉర్సుస్, వెల్ష్ ఆర్థ్. ఆర్కిటిక్ అనే పేరు ఆ ఆర్క్టోస్ నుంచే, ఉత్తరాన కనిపించే ఎలుగుబంటి చుక్కల్ని బట్టి. మనం సప్తర్షులనేవీ అవే చుక్కలు. ఋగ్వేదం మొదటి మండలం 24వ సూక్తంలో వాటిని ఋక్షాః అన్నారు. ఒడియా భాలు మాత్రం రెండో ముక్క తాలూకు. దాన్ని ఈ వరసలో పెట్టకండి.

ఇంగ్లీషు బేర్ కూడా ఇందులోకి రాదు. దాన్ని ‘గోధుమరంగుది’ అనే అర్థంలోనే ఎక్కువమంది తీసుకుంటారు. రష్యన్ మెద్వేద్ అంటే ‘తేనె తినేది’. అడవిలో అసలు పేరు పలికితే వచ్చి మీద పడుతుందన్న భయంతో మారుపేరు పెట్టుకున్నారని వివరణ. రాత్రిపూట పాముని పామనకుండా పురుగు అనే మనవాళ్లకి ఇది విప్పి చెప్పక్కర్లేదు.

రెండోది ఊద్, నీటికుక్క. ఒడియాలో ఓధ. సంస్కృతం ఉద్ర, ఇంగ్లీషు ఆటర్, లిథువేనియన్ ఊద్రా, రష్యన్ వీద్రా. పైన నాగావళి గారు చెప్పిన ద–ట సూత్రం ఇక్కడ బాగా కనబడుతుంది: ఉద్ర, ఆటర్. ఉదకం, వాటర్ కూడా ఆ ధాతువువే. గ్రీకులో హైడ్రా అదే మాట, కాని నీటిపాము మీదకి పోయింది. నా లెక్కలో మీ పట్టిక మొత్తానికి ఇదే మేలిమి వరస. ఎందుకంటే ఒడియా గడిలో పడేది బజారు మాట, ఇంగ్లీషు గడిలో పడేది కూడా వాడుక మాటే. రెండు చివరలా మాట బతికి ఉన్న జంతువులు చాలా తక్కువ.

మాఛ, మాఛి ఒకటి కావు. మాఛ మత్స్య నుంచి, మాఛి మక్షికా నుంచి. ఒడియా దారిలో త్స్య, క్ష రెండూ ఛ దగ్గర కలిసిపోయాయి. పక్కన ఇంకో భాష పెట్టుకుంటే ముడి విడిపోతుంది. హిందీలో చేప మఛ్‌లీ, ఈగ మక్ఖీ. అక్కడ క్ష ఖ్ఖ అయింది కాబట్టి రెండూ వేరని తెలుస్తుంది. మరాఠీలో మాసా, మాశీ. ఒక్క భాషలో పోలిక చూసి ముడిపెడితే వచ్చే చిక్కు ఇదే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పిల్లి, ఆవు, కాకి కొట్టేశాను. ఓధ వరస చేర్చాను. ఇప్పుడు కొత్త సందేహాలు.

శ్వన్, హౌండ్ చుట్టాలని పుస్తకాల్లో ఉంది, కాని పిల్లలు నమ్మరు. ఒక్క అక్షరం కలవదు. మెట్టుమెట్టుగా ఎలా చూపించాలి?

సర్పం–సర్పెంట్, ఒడియా సాప. ఇది మొదటి రకం వరసేనా? హాతీ, మఇఁషి (గేదె) మాటేమిటి?

తోటి మాస్టారు ఒకరు మీనం కూడా చేర్చమంటున్నారు, సంస్కృతమే కదా అని.

బరంపురం బండి

హౌండ్‌ని రెండు కొసల నుంచీ నడిపించుకు రండి, మధ్యలో కలుస్తాయి.

ఇంగ్లీషు కొస నుంచి: ఇప్పటి హౌండ్ పాత ఇంగ్లీషులో హుండ్. మౌస్ ఒకప్పుడు మూస్, కౌ ఒకప్పుడు కూ, హౌస్ ఒకప్పుడు హూస్. ఆ ఔ అంతా తరవాత వచ్చిన ఉచ్చారణ మార్పు. హుండ్‌లో ఉ ముందు దీర్ఘమై, ఆ తరవాత తక్కినవాటితో కలిసి ఔ అయింది. జర్మన్ ఈరోజుకీ హుండ్ అనే అంటుంది. చివరి డ జర్మానిక్ శాఖలో (ఇంగ్లీషు, జర్మన్ ఉన్న శాఖ) తగిలించుకున్నది, దాన్ని తీసేస్తే హున్. హ వెనక్కి వెళితే క. అంటే కున్.

సంస్కృతం కొస నుంచి: శ్వన్‌కి ప్రథమా విభక్తి శ్వా. పట్టికలో ప్రథమ రాస్తారు కాబట్టే పోలిక పోతుంది. షష్ఠి రాయండి: శునః. గ్రీకులో కుక్క క్యూఓన్, దాని షష్ఠి కునోస్. శునస్, కునోస్. శ ఉన్నచోట క, అ ఉన్నచోట ఒ, తక్కినదంతా ఒకటే. శ వెనక్కి వెళితే క, మళ్లీ కున్. బల్ల మీద ఈ రెండు నిచ్చెనలూ గీస్తే చాలు. మన శునకం ఆ శున్ మీద కట్టినదే.

ఒడియా గడిలో కుకుర మాత్రం ఇందులోకి రాదు. అది కుక్కుర, అంతకు ముందు అథర్వవేదంలో కుర్కుర. అరుపు లాంటి మాట. మన కుక్కకీ దానికీ ఏదో లావాదేవీ ఉందనిపిస్తుంది గాని, ఇలాంటి అరుపు మాటల్లో ఎవరు ఎవరికి ఇచ్చారో లెక్క తేలదు. కుటుంబం వరసలో మాత్రం పెట్టకండి.

ఇలాంటిదే ఇంకొకటి, వదులుకోవద్దు. సంస్కృతం ఉక్షన్, ఇంగ్లీషు ఆక్స్. ఇంగ్లీషులో బహువచనం ఆక్సెస్ కాకుండా ఆక్సెన్ ఎందుకని పిల్లలు ఎలాగూ అడుగుతారు. ఆ న్ ఉక్షన్‌లో ఉన్న నకారమే. ఏకవచనంలో రాలిపోయి బహువచనంలో మిగిలింది. ఒడియా బళద, మరాఠీ బైల్ వేరే మాటలు (బలీవర్ద). మన ఎద్దు సంగతి సరేసరి.

సర్పం దగ్గర కాస్త ఆగండి. ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయి. జంతువు పేరే మూలభాష నుంచి వచ్చిందా, లేక ధాతువు మాత్రమే వచ్చి పేరు తరవాత విడిగా పుట్టిందా? సర్పతి అంటే పాకుతుంది. లాటిన్ సెర్పో, గ్రీకు హెర్పో అదే క్రియ. ‘పాకేది’ అని సంస్కృతంలో సర్ప, లాటిన్‌లో సెర్పెన్స్ ఎవరికి వారు కట్టుకున్నారు. ధాతువు ఉమ్మడి, పేరు ఉమ్మడి కాదు. పాముకి నిజంగా పాత పేరు అహి, దాని తోబుట్టువు గ్రీకు ఓఫిస్.

మఇఁషి, మరాఠీ మ్హైస్ కూడా అంతే. సంస్కృతం మహిష అంటే ‘పెద్దది’. మహత్, గ్రీకు మెగాస్ ఒక ధాతువు. గేదె పేరుగా వాడింది ఇక్కడే. హాతీ ‘చెయ్యి ఉన్నది’: హస్త, హస్తిన్. ఈ మూడూ ఉంచండి, కాని మూలరూపం గడిలో జంతువు పేరు కాకుండా ధాతువు, దాని అర్థం రాయండి: పాకు, పెద్ద, చెయ్యి.

హాతీ, సాప, బాఘ, మాఛ నాలుగూ ఒక చోట రాస్తే ఒడియా మాట ఇంట్లో పుట్టిపెరిగిందా, పుస్తకంలోంచి వచ్చిందా అన్నది కూడా తేలుతుంది. సర్ప–సప్ప–సాప. హస్తి–హత్థి–హాతీ. వ్యాఘ్ర–వగ్ఘ–బాఘ. మత్స్య–మచ్ఛ–మాఛ. జంటాక్షరం ముందు ద్విత్వమవుతుంది, తరవాత ఒంటి అక్షరమై ముందున్న అచ్చు దీర్ఘమవుతుంది. ఈ అరుగుదల కనబడితే నోటి నుంచి నోటికి వచ్చిన మాట. ఒడియాలో బాతుని కూడా హంస అంటారు కాని ఆ రూపంలో అరుగుదల లేదు, అది చదువుకున్న రూపం. బెంగాలీ హాఁస్ చూస్తే తేడా తెలుస్తుంది. అంటే ఒడియా గడిలోనూ ఎరువు మాటలు ఉంటాయి, మన గడికి వాడిన రంగే వాటికీ వాడండి. తెలుగులో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. హంస పుస్తకం మాట, పాత కావ్యాల్లో అంచ అరిగిన మాట.

హంస బొమ్మ కోసం తెల్లటి మెడ వంపుల కొలనుబాతుని గూగుల్లోంచి దించకండి. చలికాలం చిలికాకి వచ్చే, తల మీద రెండు నల్ల పట్టీలున్న అడవిబాతు బొమ్మ వేయండి. గూస్ అంటే అదే జాతి. జర్మన్ గాన్స్, లిథువేనియన్ జాఁసిస్, గ్రీకు ఖేన్, లాటిన్ అన్సెర్ అందరూ అక్కడే ఉన్నారు. అన్సెర్‌కి ముందు హ ఉండాల్సింది. లాటిన్ వాళ్లు మింగేశారు.

మీనం వద్దు. యూరప్‌లో దానికి చుట్టాలు లేరు. తమిళం మీన్, కన్నడం మీను, గోండి మీన్, కువిలో (కొండల్లోని ఇంకో ద్రావిడ భాష) మీను. మన వైపు నుంచి సంస్కృతంలోకి వెళ్లి, మళ్లీ మీనరాశి అనే పట్టుబట్ట కట్టుకుని మన ఇంటికే వచ్చిన మాట. మయూరానిదీ ఇదే దారి అని చాలామంది పండితులు అంటారు, తమిళంలో మయిల్ ఉంది. సంస్కృతంలో ఉన్నంత మాత్రాన మూలభాషది అనుకోకూడదు.

నాగావళి (రాయగడ)

బండి గారి మాటకి ఒక చేర్పు. అజ (మేక), గ్రీకు ఐక్స్ (మేక) ఒకటేనని చాలా చోట్ల కనబడుతుంది. జాగ్రత్త. హల్లు కుదురుతుంది, అచ్చు కుదరదు. ఐక్స్‌లో ఐ ఉంది, అది సంస్కృతంలో ఏ కావాలి, అ కాకూడదు. అజకి సరిగ్గా నిలబడే జోడు లిథువేనియన్ ఓఝీస్. ఐక్స్ పక్కన ఆర్మేనియన్ అయ్త్స్. రెండు విడి జట్లు. ఒడియా ఛెళి, మరాఠీ శేళీ మూడో జట్టు, ఛాగల నుంచి. మేక వరస ఎనిమిదో తరగతికి వద్దనే నా సలహా. వివరించాల్సింది ఎక్కువ, కనబడేది తక్కువ.

వృక, వుల్ఫ్ రాసే ఉంటారు. అక్కడ లాటిన్ లూపుస్ తీసేయండి. లాటిన్ సూత్రం ప్రకారం దాంట్లో ప రాకూడదు. పక్క మాండలికం నుంచి వచ్చి చేరిన రూపం అది. రష్యన్ వోల్క్, లిథువేనియన్ విల్కాస్ రాస్తే వృకతో సాఫీగా కుదురుతుంది. మూలభాష లకారం సంస్కృతంలో చాలాచోట్ల రకారమైందని ఒక ముక్క చెబితే చాలు. లాటిన్ బోస్ (గోవు) లోని బ కూడా అలా వచ్చిందే, సొంత రూపమైతే వ ఉండాలి. గ్రీకు బౌస్‌లో బ మాత్రం సొంతమే. బటర్ అనే మాటలో మొదటి ముక్క ఆ బౌస్, గ్రీకులో బూటూరోన్, ‘ఆవు జున్ను’. వెన్నకీ జున్నుకీ తేడా గ్రీకువాళ్లు పట్టించుకోలేదు కాబోలు.

గుణుపురం గోడరాత

రాసే పద్ధతి గురించి కాస్త. వీటిని తప్పితే మంచి పట్టిక కూడా గందరగోళంగా తయారవుతుంది.

మూలరూపానికి ముందు నక్షత్రం గుర్తు పెట్టాలి. ఎక్కడా రాసి దొరికినది కాదు, లెక్క కట్టి చెప్పినది అని దాని అర్థం. పిల్లలు దాన్ని ముఖ్యమైనదనే గుర్తు అనుకుంటారు, కాబట్టి పట్టిక అడుగున ఒక వాక్యంలో చెప్పండి. అశ్వ ముందు నక్షత్రం వద్దు, అది దొరికిన మాట.

మూలభాషలో క మూడు రకాలు. తెలుగు లిపిలో ఒక్క క రాస్తే సంస్కృతంలో ఒకచోట శ, ఇంకోచోట క ఎందుకొచ్చిందో చెప్పలేం. అంకె వేసుకోండి. క1 అంటే సంస్కృతంలో శ అయ్యేది, క2 మామూలుది, క3 పెదవులు గుండ్రంగా చేసి పలికేది, ‘క్వ’ లాంటిది. అప్పుడు కుక్క *క1వోన్, గుర్రం *ఎక1వోస్, పశువు *పెక1ఉ, తోడేలు *వ్ల్‌క3ఓస్. గోవుకి అలాగే *గ3ఓవ్స్. లాటిన్ ఎక్వుస్‌లో క్వ ఎందుకుందో, అశ్వంలో శ్వ ఎందుకుందో దీంతో చూడగానే తెలుస్తుంది. గొంతు హకారాలు మూడున్నాయి, ఎలుగుబంటికీ గొర్రెకీ అవి కావాలి, కాని ఈ తరగతికి వదిలేయండి. హిత్తైట్ భాషలో ఎలుగుబంటి హర్తగ్గ, ఆ మొదటి హ వాటిలో ఒకటి మిగిలిన ఆనవాలు అని ఎవరైనా అడిగితే చెప్పొచ్చు.

ఒడియా మాటలు తెలుగు లిపిలో రాసేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: చెవికి వినబడినట్టా, వాళ్ల లిపిలో ఉన్నట్టా? సాప అని రాస్తారు, ‘సాపొ’ అని పలుకుతారు. ఒకచోట అలా, ఒకచోట ఇలా రాస్తే పిల్లలు అ–ఒ తేడాని కూడా ధ్వని సూత్రం అనుకుంటారు. లిపిలో ఉన్నట్టే రాయడం మేలు. అర్థం దగ్గర అనుమానం వస్తే ప్రహరాజ్ గారి ఒడియా భాషాకోశం చూడండి. మూలం దగ్గర అనుమానం వస్తే టర్నర్ ఇండో-ఆర్యన్ భాషల తులనాత్మక నిఘంటువు (1962–66), మన ఇంటి మాటలకి బరో–ఎమెనో ద్రావిడ నిఘంటువు (రెండో కూర్పు 1984). ఈ చివరి రెండూ చికాగో విశ్వవిద్యాలయం వాళ్ల సైట్‌లో డబ్బు కట్టకుండానే వెతకవచ్చు.

జాకాల్ గురించి ఎవరూ చెప్పలేదు. శృగాల పార్సీలో షగాల్, టర్కీలో చకాల్, అక్కణ్నుంచి యూరప్. అది అంగడి దారిలో వెళ్లిన మాట, పుట్టుకతో ఉన్న చుట్టరికం కాదు. మన సూత్రంతోనే పట్టుకోవచ్చు. శ ఉందంటే ఇంగ్లీషులో హ రావాలి, వచ్చింది జ. పోలిక మరీ దగ్గరగా ఉంటే ఎరువేమో చూడాలి. నిజమైన తోబుట్టువులు సాధారణంగా శునః–హౌండ్ లాగా ఎడంగానే ఉంటాయి.

సవర ఇళ్ల నుంచి వచ్చే పిల్లలుంటే వాళ్లకి ఆరో గడి కట్టండి, కాని ఏ వరసతోనూ గీత కలపకండి. సవర ముండా కుటుంబం. తెలుగుకీ చుట్టం కాదు, ఒడియాకీ కాదు. మాటలు ఆ పిల్లల్నే అడిగి రాయించండి. సరిచూసుకోవడానికి గిడుగు రామమూర్తి గారి సవర నిఘంటువు (1938) ఉంది. ఆయన పనిచేసింది మీ ఊళ్లోనే కదా. కువి పిల్లలైతే తెలుగు గడితో గీత కలపండి, మీను అక్కడ కుదురుతుంది.

ఇంకొక వరస అడుగుతాను: పశువు. పశు, లాటిన్ పెకు, జర్మన్ ఫీ. ఇంగ్లీషులో ఫీ అంటే డబ్బు అయిపోయింది, లాటిన్‌లో పెకూనియా అన్నా డబ్బే. మన వైపు గొడ్లని సొమ్ములంటాం. ఆ మాట వేరే, కుటుంబం వేరే, కాని నడిచిన దారి అదే. పసులకాపరి అనే మాటలో పసి సంస్కృతం పశువే. మనం అరగదీసి ఇంటిది చేసుకున్న అరుదైన ఎరువు అది. తెలుగు గడిలో వాడుక మాట, ఎరువు మాట ఒకటే అయ్యే వరస ఇదొక్కటే దొరుకుతుందేమో.

సిరొంచ గట్టు (గడ్చిరోలి జిల్లా)

‘మోసపోకండి’ గడిలో మంగూస్ కూడా పెట్టండి. గూస్‌తో దానికి సంబంధం లేదు. మరాఠీ ముంగూస్ నుంచి ఇంగ్లీషులోకి వెళ్లింది, దాని వెనక మన ముంగిస ఉంది. అందుకే బహువచనం మంగూసెస్, మంగీస్ కాదు. బాండికూట్ అయితే తిన్నగా తెలుగు పందికొక్కే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

తీసేసినవి పోగా, చేర్చినవి కలిపి పదకొండు మిగిలాయి: గోవు, ఉక్షన్, పశువు, అశ్వం, శ్వన్, అవి, మూషికం, వృకం, ఋక్షం, ఉద్రం, హంస. ధాతువు మాత్రమే ఉమ్మడి అయినవి మూడు, గీత కింద: సర్పం, మహిషం, హస్తి. వాటి కింద ‘మోసపోకండి’: పిల్లి–ఫెలిస్, ఆవు–అవి, అస్వల్–అశ్వం, మాఛ–మాఛి, శృగాలం–జాకాల్, మంగూస్–గూస్.

మూషికం వరసలో ఒడియా గడి మూషా అని రాశాను, మరాఠీ ఉందీర్ వేరే కాబట్టి వదిలేశాను. లాటిన్ మూస్ పక్కన ముస్కులుస్, ‘చిట్టెలుక’, అదే మజిల్ అయిందని చిన్నక్షరాల్లో.

పందికొక్కు ఏ వరసలోనూ పట్టలేదు. అట్ట అడుగున బాణం గుర్తు వేసి, బాణం మొన ఇంగ్లీషు వైపు తిప్పి రాయిస్తున్నాను. ఓధ బొమ్మ గీసేవాళ్లకి ఒక మాట: తోక బల్లపరుపుగా, వేళ్ల మధ్య తోలు కనబడేలా గీయాలి. పోయినసారి నీటికుక్క అని చెబితే నీళ్లలో కుక్కని గీసిచ్చారు.